పదిహేడు రాళ్ళ దూరం

1968లో ఎడిన్‌బరోలో కృత్రిమ మేధ మీద సదస్సు జరిగింది. సాయంత్రం విందులో జాన్ మెకార్తీ చదరంగానికి కూర్చున్నాడు. ఈ శాస్త్రానికి ‘ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్’ అని పేరు పెట్టింది ఆయనే. ఎదుట కూర్చున్నది స్కాట్లండ్ చాంపియన్ డేవిడ్ లెవీ, 23 ఏళ్ళ కుర్రాడు. మెకార్తీ ఓడిపోయాడు. ఓడిన మనిషి ఊరుకోలేదు. నన్నయితే ఓడించావు గానీ, పదేళ్ళు తిరిగేసరికి నిన్ను ఓడించే ప్రోగ్రాము వస్తుంది చూసుకో అన్నాడు. అయితే పందెం అన్నాడు లెవీ. పక్కనే ఉన్న ప్రొఫెసరు డొనాల్డ్ మిచీ కూడా మెకార్తీ వైపు చేరాడు. తలా 250 పౌండ్లు. తర్వాత ఇంకొందరు ప్రొఫెసర్లకు చేతులు దురదపెట్టి, పందెం 1,250 పౌండ్లకు పాకింది.

అప్పటికి స్టాన్‌ఫర్డ్‌లో మెకార్తీ శిష్యుడొకాయన 1966లో డాక్టరేట్ పుచ్చుకుని అక్కడే పాఠాలు చెబుతున్నాడు. ఆయన సొంతూరు చిత్తూరు జిల్లా కాటూరు. సేద్యం చేసుకునే ఇల్లు, ఆ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీ, అక్కణ్ణుంచి ఆస్ట్రేలియా, అక్కణ్ణుంచి అమెరికా. దబ్బాల రాజగోపాల్ రెడ్డి అన్న పేరు దారిలోనే రాజ్ రెడ్డి అయింది. 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నది ఈయనే. మనవాడని మురిసిపోవడానికి ఇక్కడ ఆ పేరు ఎత్తలేదు. యంత్రాలకీ మనుషులకీ మధ్య జరిగిన పందేల కథ సగం ఆయన పనిచేసిన చోటే నడిచింది. ‘గో’ అనే ఆట దాకా వెళ్ళాలంటే ముందు ఆ ఊరు దాటాలి.

ఆ ఊరు పిట్స్‌బర్గ్, అక్కడి కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. రాజ్ రెడ్డి 1969లో అక్కడికి మారేసరికి ఆ ఊళ్ళో ఒక జోస్యం అప్పటికే బూజు పట్టి ఉంది. పదేళ్ళలో కంప్యూటర్ ప్రపంచ చదరంగ చాంపియన్ అవుతుందని అక్కడి హెర్బర్ట్ సైమన్, ఆలెన్ న్యూవెల్ 1957లోనే చెప్పారు. 1967 వచ్చింది, వెళ్ళిపోయింది. చాంపియన్ మాట దేవుడెరుగు, క్లబ్బుల్లో ఆడే మంచి ఆటగాడి ముందు కూడా యంత్రం నిలవలేదు. ఇంత పెద్దవాళ్ళు అంత ధీమాగా ఎలా చెప్పారని ఇప్పుడు నవ్వొస్తుంది. వాళ్ళు యంత్రాన్ని ఎక్కువగా ఊహించుకున్నారనడం కన్నా, మనిషి ఆటను తక్కువగా లెక్కేసుకున్నారనడం సరైన మాట.

రాజ్ రెడ్డి అసలు రంగం చదరంగం కాదు, మాట. మనిషి మాట్లాడితే యంత్రానికి అర్థం కావాలి. కానీ 1970ల మొదట్లో ఆయన బృందం తయారుచేసిన ‘హియర్సే-1’ చేసి చూపిన మొదటి పనుల్లో ఒకటి చదరంగమే. ఆటగాడు తన ఎత్తును నోటితో చెబుతాడు, యంత్రం విని బదులు ఎత్తు వేస్తుంది. అప్పటి యంత్రాల చెవులు మహా మొద్దు. శబ్దం ఒక్కదాన్నే నమ్ముకుంటే పని జరగదు. అందుకని వాళ్ళు, ఈ స్థితిలో ఏ ఎత్తులకు అవకాశం ఉందో ముందే చదరంగం ప్రోగ్రామును అడిగి పెట్టుకున్నారు. మంత్రి నాలుగు వైపులా మూసుకుపోయి ఉంటే, ఆ గరగరలో ‘మంత్రి’ అన్నట్టు వినిపించినా అది మంత్రి కాదని తేలిపోతుంది. వినడంలో సగం భాగం, ఎదుటివాడు ఏం చెప్పబోతాడో ముందే ఊహించడం. మనం కూడా అంతే చేస్తాం. సంతలో గోలగా ఉన్నా బేరం వినిపిస్తుంది.

1978లో లెవీ టొరంటోలో ‘చెస్ 4.7’ అనే ప్రోగ్రాముతో ఆడి 3.5–1.5తో నెగ్గాడు. పందెం డబ్బు జేబులో వేసుకున్నాడు. అయితే ఆ యంత్రం ఒక ఆట గెలిచింది, ఒక ఆట డ్రా చేసింది. పందెం పోయినా దూరం తగ్గుతోందని అందరికీ కనిపించింది.

రెండేళ్ళకు కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ ఫ్రెడ్కిన్ ప్రపంచ చాంపియన్‌ను ఓడించే మొదటి ప్రోగ్రాముకు లక్ష డాలర్లు ప్రకటించి, ఆ నిధిని కార్నెగీ మెలన్‌కు అప్పగించాడు. అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు అప్పుడు రాజ్ రెడ్డి డైరెక్టర్. ఈ బహుమతిలో నాకు నచ్చింది లక్ష డాలర్లు కాదు, దాని కింద కట్టిన రెండు మెట్లు. మాస్టర్ స్థాయికి చేరితే 5,000 డాలర్లు, గ్రాండ్‌మాస్టర్ స్థాయికి చేరితే 10,000. కొండ మీదికి చేరినవాడికే ప్రసాదం అంటే అలిపిరిలోనే సగం మంది కూలబడతారు. మోకాళ్ళ మిట్ట దగ్గర మజ్జిగ దొరుకుతుందంటే ఇంకొంచెం నడుస్తారు.

మొదటి మెట్టు 1983లో ‘బెల్’ ఎక్కింది. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకడైన కెన్ థామ్సన్, జో కాండన్‌తో కలిసి బెల్ ల్యాబ్స్‌లో కట్టిన యంత్రం అది. రెండో మెట్టు దగ్గర కార్నెగీ మెలన్‌లోనే రెండు శిబిరాలు తయారయ్యాయి. ఒకవైపు హాన్స్ బెర్లినర్. కార్డుల మీద ఎత్తులు రాసి పంపుకునే చదరంగంలో ఆయన ఒకప్పుడు ప్రపంచ చాంపియన్. ఆయన యంత్రం ‘హైటెక్’. ఇంకోవైపు విద్యార్థులు, తైవాన్ నుంచి వచ్చిన సూ ఫెంగ్-షుంగ్, మరే క్యాంప్‌బెల్, థామస్ అనంతరామన్, మరికొందరు. వాళ్ళది ‘డీప్ థాట్’. చదరంగం బాగా తెలిసిన పెద్దాయన యంత్రానికి జ్ఞానం నూరిపోద్దామనుకున్నాడు. ఎత్తులు వెదకడానికే పుట్టిన చిప్పు చేస్తే జ్ఞానం తక్కువైనా ఫరవాలేదని కుర్రాళ్ళు అన్నారు. కుర్రాళ్ళే నెగ్గారు. 1988లో డీప్ థాట్ ఒక టోర్నమెంటులో బెంట్ లార్సెన్ అనే గ్రాండ్‌మాస్టర్‌ను ఓడించింది. మరుసటి ఏడాది రెండో మెట్టు బహుమతి అందుకుంది. అదే ఏడాది డిసెంబరులో లెవీతో ఆడి 4–0తో చుట్టేసింది. మెకార్తీ మాట నెగ్గింది, కాకపోతే పదకొండేళ్ళు ఆలస్యంగా.

1988లో అమెరికా కృత్రిమ మేధ సంఘానికి అధ్యక్షుడిగా రాజ్ రెడ్డి చేసిన ప్రసంగంలో ఆ శాస్త్రం ముందున్న పెద్ద సవాళ్ళను ఏకరువు పెట్టాడు. ప్రపంచ చాంపియన్‌ను ఓడించే చదరంగ యంత్రం, కొత్త గణితాన్ని కనిపెట్టే యంత్రం, ఒక భాషలో మాట్లాడితే ఇంకో భాషలో వినిపించే టెలిఫోను, ప్రమాదాన్ని తప్పించుకునే కారు, ఇంకా ఒకటి రెండు. వాటిలో ముందుగా తెగింది చదరంగమే. 1997 మే నెలలో డీప్ థాట్ కుర్రాళ్ళు కొందరు ఐబీఎంకు వెళ్ళి కట్టిన ‘డీప్ బ్లూ’ న్యూయార్క్‌లో ప్రపంచ చాంపియన్ గారీ కాస్పరోవ్‌ను 3.5–2.5తో ఓడించింది. అది సెకనుకు 20 కోట్ల స్థితులు చూసేది. జూలైలో ఫ్రెడ్కిన్ లక్ష డాలర్లు సూ, క్యాంప్‌బెల్, జో హోన్ అనే ముగ్గురి చేతికి వచ్చాయి. అప్పుడు కార్నెగీ మెలన్ కంప్యూటర్ సైన్స్ విభాగానికి డీన్ రాజ్ రెడ్డి.

సరిగ్గా అదే నెలలో న్యూయార్క్ టైమ్స్ ఒక వ్యాసం వేసింది. చదరంగం సరే, గో సంగతేమిటి అని. ప్రిన్స్‌టన్‌లోని పీట్ హుట్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు, గోలో మనిషిని ఓడించడానికి యంత్రానికి వందేళ్ళు పట్టొచ్చు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు అన్నాడు. మొన్నటి జోస్యం పదేళ్ళన్నది, నిన్నటిది వందేళ్ళన్నది. రెండూ తప్పాయి, అదీ ఎదురెదురు దిక్కుల్లో.

గోలో అంత కష్టం ఏముంది? ముందు మన ఆటతో లెక్క చూద్దాం. సీమలో గుడి మండపాల బండల మీద, రచ్చబండ మీద గీసి కనిపించే పులిజూదం పటంలో మామూలుగా 23 చోట్లు ఉంటాయి. పులులు మూడు, మేకలు పదిహేను. మేకలవాడు ఒక్కో మేకను దించుతూ పులులను కదలకుండా దిగ్బంధం చేయాలి. పులి పక్కనున్న మేక మీదుగా ఖాళీ చోటికి దూకితే ఆ మేక చచ్చినట్టే. మూడు పులులు 23 చోట్లలో 1,771 రకాలుగా కూర్చోగలవు. మిగిలిన 20 చోట్లలో సున్నా నుంచి పదిహేను దాకా మేకలు ఎన్నయినా, ఎక్కడైనా ఉండొచ్చు. అవి 10,42,380 రకాలు. రెండూ గుణిస్తే 184 కోట్ల 60 లక్షల చిల్లర. ఇంకా చేతిలో ఎన్ని మేకలున్నాయి, వంతు ఎవరిది అన్నవి కలిపితే ఆ సంఖ్య ఇంకొన్ని రెట్లు పెరుగుతుంది. డీప్ బ్లూ వేగంతో చూస్తే ఆ 184 కోట్ల అమరికలూ పది సెకన్లలోపు అయిపోతాయి. ఇలాంటి ఆటను యంత్రం చివరి దాకా తవ్వేస్తుంది. నేపాల్‌లో దీనికి చుట్టమైన బాగ్‌చాల్‌ను, 25 చోట్లు, నాలుగు పులులు, ఇరవై మేకల ఆటను, సింగపూర్‌లో లిమ్ యూ జిన్ అనే పరిశోధకుడు అలాగే తవ్వి, ఇద్దరూ తప్పు చేయకపోతే అది డ్రా అని తేల్చాడు.

ఇప్పుడు గో. అడ్డం 19 గీతలు, నిలువు 19 గీతలు, అవి కలిసే 361 చోట్లు. ఒకరివి నల్లరాళ్ళు, ఒకరివి తెల్లరాళ్ళు. వంతులవారీగా ఒక్కో రాయి పెడతారు, పెట్టిన రాయి ఇక కదలదు. రాయికి ఆనుకుని ఉన్న ఖాళీ చోట్లే దాని ఊపిరి. నాలుగు వైపులా ఊపిరి మూసేస్తే ఆ రాయి పటం మీంచి లేచిపోతుంది. చివరికి ఎవరు ఎక్కువ నేల చుట్టేస్తే వాళ్ళు గెలిచినట్టు. నియమాలు అంతే, పులిజూదం కన్నా కష్టమేమీ లేదు. కానీ చదరంగంలో ఒక్కో వంతుకు సగటున 35 దాకా ఎత్తులుంటే, ఇక్కడ 250 దాకా ఉంటాయి. నియమాల ప్రకారం పటం మీద రాగల స్థితులెన్నో జాన్ ట్రోంప్ అనే డచ్ శాస్త్రజ్ఞుడు 2016లో ఆఖరి అంకె దాకా లెక్కగట్టాడు. 208తో మొదలయ్యే 171 అంకెల సంఖ్య అది. దాన్ని చదవడానికి తెలుగులో వాడుక మాట లేదు.

అయినా అసలు చిక్కు సంఖ్యలో లేదు. చదరంగంలో యంత్రం ఎక్కడో ఒకచోట వెదకడం ఆపి, ఇప్పుడు ఎవరిది పైచేయి అని ఒక అంకె వేసుకోవాలి. మంత్రికి తొమ్మిది, ఏనుగుకు ఐదు, బంటుకు ఒకటి అని కూడితే ఉజ్జాయింపుగా తేలిపోతుంది. గోలో రాళ్ళన్నీ ఒకటే. మూలన పెట్టిన ఒక్క రాయి ముప్ఫై ఎత్తుల తర్వాత అవతలి మూల జరిగే పోట్లాటను తేల్చేస్తుంది. ఎందుకు ఇక్కడ పెట్టారని గొప్ప ఆటగాణ్ణి అడిగితే, ఆకారం బాగుందంటాడు. బాగుండడానికి అంకె ఎలా వేయాలి? ఇది తేలకుండా ఎంత వేగమున్నా దండగే.

ఈ చిక్కు మీదే పెద్ద డబ్బు పెట్టినవాడు ఇంగ్ చాంగ్-కీ. తైవాన్‌లో పారిశ్రామికవేత్త, గో అంటే పిచ్చి. 1985 నుంచి ఆయన ఫౌండేషన్ ఏటా కంప్యూటర్ గో పోటీలు పెట్టింది. కుర్ర ప్రొఫెషనల్ ఆటగాణ్ణి ఏడు ఆటల పోటీలో ఓడించే ప్రోగ్రాముకు 4 కోట్ల తైవాన్ డాలర్లు ఇస్తామన్నారు. అమెరికా డాలర్లలో అది పది లక్షలు, ఆపై. ఫ్రెడ్కిన్ లక్షకు పది రెట్లు. గడువు 2000.

ఇంగ్ కూడా మెట్లు కట్టాడు. ఆ మెట్లు గో ఆటలోనే ఉన్నాయి. బలహీనుడు ఆట మొదలయ్యేలోపే పటం మీద కొన్ని రాళ్ళు పెట్టుకోవచ్చు, దాన్ని హ్యాండిక్యాప్ అంటారు. ఇద్దరి మధ్య స్థాయి తేడా ఎంతో దాదాపు అన్ని రాళ్ళు. మామూలుగా తొమ్మిది రాళ్ళు దాటితే అది ఆటే కాదు, గురువు శిష్యుడికి చెప్పే పాఠం. ఇంగ్ పోటీల్లో ఏటా గెలిచిన ప్రోగ్రామును తీసుకొచ్చి, గో నేర్చుకుంటున్న ముగ్గురు పిల్లల ముందు కూర్చోబెట్టేవారు. 1991లో మార్క్ బూన్ అనే డచ్ ఆయన రాసిన ‘గోలియత్’ 17 రాళ్ళు ముందుగా పెట్టుకుని పిల్లలను గెలిచింది. పదిహేడు రాళ్ళు! పటం నిండా నల్లరాళ్ళే కనిపిస్తాయి, తెల్లవాడికి కాలు మోపే చోటుండదు. అయినా అది బహుమతికి తగ్గ విజయమే. తర్వాత మెట్లు ఎక్కింది ‘హ్యాండ్‌టాక్’. దాన్ని రాసిన చెన్ జిషింగ్ గ్వాంగ్‌జౌలో రసాయనశాస్త్రం ప్రొఫెసరుగా పదవీ విరమణ చేసిన పెద్దమనిషి. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని అసెంబ్లీ భాషలో గో ప్రోగ్రాము రాశాడు. 1995లో 15, 13 రాళ్ళ మెట్లు, 1997లో 11 రాళ్ళ మెట్టు. ఎదుట కూర్చున్నది 11 నుంచి 13 ఏళ్ళ పిల్లలు. ఐబీఎం భారీ యంత్రం పెట్టి కాస్పరోవ్‌ను ఓడించిన ఏడాదే, గోలో ప్రపంచంలోకెల్లా గొప్ప ప్రోగ్రాము పదకొండు రాళ్ళు ముందు పెట్టుకుని బడిపిల్లల మీద నెగ్గి బహుమతి పుచ్చుకుంది.

ఆ మరుసటి ఏడాది ఇంకా అవమానం జరిగింది. మార్టిన్ మ్యూలర్ అనే పరిశోధకుడు, ప్రొఫెషనల్ కాదు గానీ గట్టి ఆటగాడు, ‘మెనీ ఫేసెస్ ఆఫ్ గో’ అనే పేరుమోసిన ప్రోగ్రాముకు 29 రాళ్ళు ఇచ్చి మరీ ఓడించాడు. ప్రోగ్రాము అలవాట్లు తెలిసినవాడికి దాని బలహీనత ఎక్కడుందో తెలుసు. హ్యాండ్‌టాక్ ఎక్కిన పదకొండు రాళ్ళ మెట్టు ఎంత గట్టిదో దీంతో తేలింది. మెట్టు కొలిచింది తెలియని ప్రత్యర్థితో దూరాన్ని, తెలిసినవాడితో దూరం వేరు. ఈ సంగతి ఇరవై ఐదేళ్ళ తర్వాత మళ్ళీ అక్కరకొస్తుంది.

2000 వచ్చింది. నాలుగు కోట్లకు ఎవరూ చేయి చాచలేదు. బహుమతి రద్దయింది. అప్పటికి ఇంగ్ కూడా లేడు, 1997లోనే పోయాడు. ఆ డబ్బు వృథా అయిందనేవాళ్ళున్నారు. పెద్ద బహుమతి ఎవరినీ కదిలించలేదన్నది నిజమే, దాని కోసం ఏ కంపెనీ తన ఇంజనీర్లను దింపలేదు. కానీ ఆ చిన్న మెట్లే పదిహేనేళ్ళు ఒక చిన్న గుంపును కలిపి ఉంచాయి. ఒంటరిగా ఇంట్లో ప్రోగ్రాము రాసుకునే రిటైర్డ్ ప్రొఫెసర్లు, విద్యార్థులు ఏడాదికోసారి ఒకచోట చేరి ఓడిపోయారు. ఒకరి ఓటమి ఒకరు చూశారు. ఒక పరిశోధన రంగం బతికుండడానికి ఒక్కోసారి ఆ మాత్రం చాలు.

పెద్దల పందెం పోయినా, మామూలు మనుషుల పందెం ఒకటి మిగిలింది. 171 అంకెల లెక్కగట్టిన ట్రోంప్ గోలో మొదటి డాన్ స్థాయి ఆటగాడు, అంటే మన భాషలో పట్టు చిక్కినవాడే గానీ పండితుడు కాదు. 1997లో డారెన్ కుక్ అనే ప్రోగ్రామరుతో వెయ్యి డాలర్ల పందెం కట్టాడు. 2010 ముగిసేలోపు తనను పోటీలో ఓడించే ప్రోగ్రాము రాదని. హ్యాండిక్యాప్ రాళ్ళు లేకుండా, సరిసమానంగా. చూడండి ఎంత చిన్న పందెమో. ప్రపంచ చాంపియన్ అక్కర్లేదు, పిల్ల ప్రొఫెషనల్ కూడా అక్కర్లేదు, ఒక మామూలు ఆటగాడు చాలు. దానికి పదమూడేళ్ళ గడువు.

ఆ గడువు మధ్యలో, 2006లో, తలకిందులు చేసే ఆలోచన ఒకటి వచ్చింది. ఫ్రాన్స్‌లో రెమీ కూలోమ్ ‘క్రేజీ స్టోన్’ రాశాడు. హంగరీకి చెందిన కోచిష్, సెపెష్వారి దాని వెనక గణితాన్ని సానబెట్టారు. వెంటనే ఫ్రాన్స్‌లోనే ‘మోగో’ వచ్చింది. ఆలోచన ఏమిటో మన పులిజూదంతోనే చూడవచ్చు. మేకల వంతు. పటం మీద ఆరు ఖాళీ చోట్లున్నాయి, కొత్త మేకను ఎక్కడ దించాలి? మీకు ఆట తెలియదు, నియమాలు మాత్రమే తెలుసు. మొదటి చోట దించినట్టు అనుకుని, అక్కణ్ణుంచి ఆట చివరి దాకా రెండువైపులా కళ్ళు మూసుకుని ఏదో ఒక ఎత్తు వేసుకుంటూ పొండి. ఎవరు గెలిచారో రాసుకోండి. ఇలా వెయ్యిసార్లు. రెండో చోటికి వెయ్యిసార్లు. పిచ్చి ఆటలే గానీ, పులి నోటికి అందే చోట దించిన మేక ఆ వెయ్యిలో ఎక్కువసార్లు చస్తుంది. మంచి చోట దించినది కాస్త ఎక్కువగా బతుకుతుంది. ఆ ‘కాస్త’ చాలు. తర్వాత తెలివి ఏమిటంటే, ఆరు చోట్లకూ సమానంగా శ్రమపడకుండా, బాగున్నట్టు కనిపించిన చోట మీద ఎక్కువ ఆటలు ఖర్చుపెట్టడం, మిగతావాటిని పూర్తిగా వదిలేయకుండా అప్పుడప్పుడు తొంగిచూడడం. ఆకారం బాగుందా లేదా అన్న ప్రశ్నకు అంకె దొరకడం లేదని ఏళ్ళ తరబడి తల పట్టుకున్నారు. చివరి దాకా ఆడేస్తే అంకె దానంతటదే వస్తుంది, గెలుపు ఓటములు లెక్కపెట్టుకోవడమే.

మెట్లు చకచకా ఎక్కారు. 2008లో నెదర్లాండ్స్‌లోని సూపర్ కంప్యూటర్ మీద 800 ప్రాసెసర్లతో నడిచిన మోగో, తొమ్మిది రాళ్ళు పెట్టుకుని కిమ్ మ్యుంగ్‌వాన్ అనే ఎనిమిదో డాన్ ప్రొఫెషనల్‌ను గెలిచింది. బడిపిల్లల నుంచి ప్రొఫెషనల్ దాకా వచ్చేశారు. అయినా ట్రోంప్ పందెం గెలిచాడు. గడువు ముగిసే రోజుల్లో మెనీ ఫేసెస్ ఆఫ్ గోను 4–0తో ఓడించి వెయ్యి డాలర్లు తీసుకున్నాడు. ఏడాది తిరిగాక, 2012 జనవరిలో, పందెమేమీ లేకుండా జపాన్ ప్రోగ్రాము ‘జెన్’తో మళ్ళీ ఆడి 1–3తో ఓడాడు. లెవీ కథే మళ్ళీ. గడువులోపు మనిషి గెలవడం, డబ్బు పుచ్చుకున్నాక ఓడడం.

డీప్ బ్లూ కట్టిన సూ ఈ మధ్యలో ఒక జోస్యం చెప్పాడు. 2007లో ఒక పత్రికకు రాస్తూ, పదేళ్ళలో గో చాంపియన్‌ను యంత్రం ఓడిస్తుందన్నాడు. అదీ తాను చదరంగంలో వాడిన మొండి వెదుకులాటతోనే. పదేళ్ళు అన్నది సరిపోయింది, దారి మాత్రం తప్పింది. ఈ రంగంలో గడువు సరిగ్గా చెప్పినవాళ్ళే అరుదు, అందుకే ఆయన్ను పెద్దగా తప్పుపట్టలేను.

దారి చూపింది లండన్‌లోని డీప్‌మైండ్. బలమైన ఆటగాళ్ళు ఆన్‌లైన్‌లో ఆడిన ఆటల నుంచి 3 కోట్ల స్థితులు తీసుకుని, ఇక్కడ మనిషైతే ఎక్కడ పెడతాడో ఊహించడం ఒక న్యూరల్ నెట్‌వర్క్‌కు నేర్పారు. ఇంకో నెట్‌వర్క్‌కు, ఈ స్థితిలో ఎవరు గెలుస్తారో చూడగానే చెప్పడం నేర్పారు. ఆకారం బాగుందా అన్న ప్రశ్నకు జవాబు అది. ఈ రెండింటినీ క్రేజీ స్టోన్, మోగోల పద్ధతికి జోడించారు. హియర్సే చదరంగాన్ని అడిగి చెవికి సాయం చేసినట్టే, ఇక్కడ ఊహ వెదుకులాటకు సాయం చేసింది. 2015 అక్టోబరులో ‘ఆల్ఫాగో’ యూరప్ చాంపియన్ ఫాన్ హుయ్‌ను 5–0తో ఓడించింది. హ్యాండిక్యాప్ రాళ్ళు సున్నా.

2016 మార్చిలో సియోల్‌లో గో దిగ్గజం లీ సెడోల్‌తో అయిదు ఆటలు. బహుమతి పది లక్షల డాలర్లు. ఇక్కడ ఒక తిరకాసు గమనించాలి. ఫ్రెడ్కిన్, ఇంగ్ డబ్బు పెట్టింది యంత్రం రాసేవాళ్ళను రమ్మని. ఈసారి యంత్రం యజమాని గూగుల్, మనిషిని రమ్మని డబ్బు పెట్టింది. ఆటకు ముందు లీ తానే తేలిగ్గా గెలుస్తానని అన్నాడు. 4–1తో ఓడాడు. రెండో ఆటలో యంత్రం పెట్టిన 37వ రాయి చూసి వ్యాఖ్యాతలు పొరపాటేమో అనుకున్నారు, ఏ మనిషీ పెట్టని చోటది. నాలుగో ఆటలో లీ పెట్టిన 78వ రాయి యంత్రం ఊహించని చోట పడింది, ఆ ఒక్క ఆట ఆయనదే. గూగుల్ గెలిచిన పది లక్షలను దానధర్మాలకు ఇచ్చేసింది. మరుసటి ఏడాది చైనాలో అప్పటి అగ్రశ్రేణి ఆటగాడు కే జీతో ఆటకు విజేతకు 15 లక్షల డాలర్లు పెట్టారు, యంత్రమే 3–0తో గెలిచింది. ఆ ఏడాది చివర్లో, మనుషుల ఆటలు ఒక్కటీ చూపకుండా తనతో తానే ఆడి నేర్చుకున్న ఆల్ఫాగో జీరో వచ్చి, లీని ఓడించిన పాత ఆల్ఫాగోను 100–0తో ఓడించింది. అక్కడితో పందేల ఆట కట్టిందని అందరూ అనుకున్నారు.

2023లో కెల్లిన్ పెల్రిన్ అనే అమెరికన్, ప్రొఫెషనల్ కాదు, ‘కటాగో’ అనే అగ్రశ్రేణి ప్రోగ్రామును 15 ఆటల్లో 14సార్లు ఓడించాడు. ఆట మధ్యలో కంప్యూటర్ సాయం లేదు. కాకపోతే యంత్రం లోపం ఎక్కడుందో ముందే ఇంకో ప్రోగ్రాము వెదికి పెట్టింది. ప్రత్యర్థి రాళ్ళ గుంపును గుండ్రంగా, మెల్లగా, ఇంకో మూలన హడావిడి చేస్తూ చుట్టేయడం. కొత్తగా నేర్చుకున్న మనిషి కూడా పసిగట్టే ఆ ఉచ్చు, లీ సెడోల్‌నే మించిపోయే యంత్రానికి కనిపించలేదు. 1998లో మ్యూలర్ 29 రాళ్ళిచ్చి చేసింది ఇదే పని. రాళ్ళ కొలత చెప్పిందంతా నిజమే, చెప్పనిది మిగిలిపోయింది.

రాజ్ రెడ్డి 1988 జాబితాకు మళ్ళీ వస్తాను. అందులో నాకు ఎక్కువ ఇష్టమైనది భాష మార్చే టెలిఫోను. ఆయన జీవితమంతా మాట మీదే పనిచేశాడు. చదువురాని పల్లెటూరివాడికి కంప్యూటర్ అందాలంటే అది నోటిమాటతోనే సాధ్యమని చాలా ఏళ్ళుగా చెబుతూ వచ్చాడు. ఇవాళ మన ఫోన్లు ఎంతో కొంత ఆ పని చేస్తున్నాయి. కానీ దానికి ఫ్రెడ్కిన్ బహుమతి లాంటిది పెట్టాలంటే నియమాలు ఎలా రాస్తాం? గెలుపు ఓటములు ఎవరు చెబుతారు? ఎన్ని రాళ్ళ దూరంలో ఉన్నామో కొలవడం ఎలా?

నన్ను రాయమంటే మదనపల్లె టమాటా మార్కెట్‌లో పెడతాను. మన సీమ రైతు, మన యాసలో. అవతల ఢిల్లీ నుంచి వచ్చిన హిందీ వ్యాపారి. మధ్యలో ఫోను. మొదటి మెట్టు: ఎన్ని బాక్సులు, బాక్సు ధర ఎంత, ఈ రెండూ తప్పు లేకుండా చేరాలి. దీనికి చిన్న బహుమతి చాలు, బహుశా ఇప్పటికే ఎవరో అందుకోవచ్చు. రెండో మెట్టు: చుట్టూ వేలం పాట, లారీల హారన్లు, పక్కవాడు ఇంకో ధర అరుస్తున్నప్పుడు. మూడో మెట్టు: ‘చూద్దాంలేబ్బా’ అని రైతు అన్నప్పుడు అది ఒప్పుకోవడమా, కాదనడమా, ఇంకో పది రూపాయలు పెంచమనడమా, వ్యాపారికి సరిగ్గా తెలియాలి. న్యాయనిర్ణేతగా పాతికేళ్ళుగా అక్కడ నిలబడ్డ మండీ గుమస్తాను కూర్చోబెడతాను. గడువు మాత్రం పెట్టను.